పసుపు ముట్టని కూరాకులమ్మ

తుంగెనపల్లి గుట్ట కింద, తాటివనం నడుమ కూరాకులమ్మ గుడి ఉంది. బస్సు దిగి చూస్తే నాలుగు వైపులా కల్లుకుండలు కట్టిన చెట్లే కనిపిస్తాయి గానీ, గుడిలోకి ఒక్క చుక్క కల్లు కూడా రాదు. అమ్మవారికి పసుపు కూడా పెట్టరు. తెలియక పసుపు తెచ్చిన భక్తులు దానిని గడప బయటే ఉంచి, ఒక కట్ట ఆకుకూరతో లోపలికి రావాలి. ఇందుకు పూజారిని కోప్పడి లాభం లేదు. ఇది అమ్మ స్వయంగా చెప్పిన మాట.

పూర్వం ఇక్కడ మల్కాగౌడు అనే కల్లుగీత పనివాడు ఉండేవాడు. చెట్టెక్కడంలో అతనిది అందె వేసిన చేయి. గీసిన కల్లులో మొదటి ముంత అమ్మ ముందు సాకగా పోసేవాడు. ఆ తరువాతివి లెక్క లేకుండా తానే తాగేవాడు. అన్నం సంగతి ఏనాడో మరిచాడు. ఎండుచేప ముక్క నంజుకుంటే అదే అతని భోజనం. కొన్నేళ్లకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్లకు నీరు పట్టింది. వైద్యుడు చూసి కార్జం, అంటే కాలేయం, చెడిందని, కల్లు మాని ఆకుకూరలు, పెసర్లు, జొన్నగటక తింటే ఆశ ఉందని చెప్పాడు. భార్య సత్తెవ్వ ఆ సాయంత్రమే కూర వండి పెట్టింది. మల్కాగౌడు కంచం తోసేశాడు.

“గొడ్లు మేసే ఆకు నాకెందుకే?” అన్నాడు.

సత్తెవ్వకు దిక్కు తోచలేదు. కల్లు గీసే ఇంటి ఆడబిడ్డ గనుక తెలిసిన మొక్కే మొక్కింది. పెనిమిటి బతికితే చాలు, రోజూ ఐదు ముంతల సాక పోస్తానంది. పాపం, కల్లుతో వచ్చిన జబ్బుకు కల్లునే మొక్కుకుంది! ఆనాటి నుంచే పోయసాగింది. మనిషి మాత్రం రోజురోజుకూ కరిగిపోయాడు.

ఒక మధ్యాహ్నం సాక పోసి, ఏడ్చి ఏడ్చి, గుడి మెట్టు మీదే నిద్రపోయింది. కలలో అమ్మ కనిపించింది. ఆమె కళ్లు పచ్చగా ఉన్నాయి. ఉబ్బిన పొట్టతో నడవలేక గోడ పట్టుకుంది.

“బిడ్డా, నువ్వు పోస్తవు, నీ పెనిమిటి పోస్తడు. కాదనలేక అంతా తాగిన. నా కార్జం సుత ఖరాబైంది. ఇగ నాకు కల్లొద్దు, ఈ పచ్చరంగు యాదికి తెచ్చే పసుపు సుత వద్దు. జెర ఇంత కూరాకు వండి పెట్టవే. వాడు తాగే చుక్క చుక్కా నా కడుపులకే వస్తున్నదని చెప్పు.”

సత్తెవ్వ ఉలిక్కిపడి లేచి చూస్తే, రాతి విగ్రహం పొట్ట నిజంగానే పచ్చబడి ఉంది. పరుగున వెళ్లి పెనిమిటికి చెప్పింది. తన చావు గురించి నవ్వులాటగా మాట్లాడే ఆ మనిషి మంచం మీద లేచి కూర్చున్నాడు.

“నా కల్లు అమ్మ పానం మీదికి తెచ్చిందా?” అంటూ ఆమె భుజం పట్టుకొని గుడికి వచ్చాడు. ఆ పచ్చదనం చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆనాటి నుంచి సత్తెవ్వ చేనుగట్ల వెంట గలిజేరు, పొన్నగంటి, గంగవాయిలి ఏరి తెచ్చి వండేది. మల్కాగౌడు ముందు అమ్మకు పెట్టి, మిగిలింది తాను తినేవాడు. కంచంలోని కూరను తోసేసిన చేయి ప్రసాదాన్ని తోసేయలేదు గదా! కల్లు మానేసరికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. అయినా ముంత ముట్టలేదు.

మండలం రోజులు నిండేసరికి విగ్రహం పచ్చదనం పోయింది. మల్కాగౌడు కళ్లూ తేటపడ్డాయి. అప్పుడతడు వరమేదీ కోరలేదు.

“అమ్మా, నీ పానం ఎట్లున్నది?” అని మాత్రం అడిగాడు.

వెనుక నిలబడిన సత్తెవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెండ్లయిన ఇరవై ఏండ్లలో ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. మల్కాగౌడు వెనుదిరిగి ఆమెను చూశాడు.

“నీ పానం ఎట్లున్నదే?” అన్నాడు.

అమ్మకు కూరాకులమ్మ అనే పేరు అప్పుడే వచ్చింది. నేటికీ ప్రతి మంగళవారం ఆకుకూర, పెసర్లు, జొన్నగటక నైవేద్యం పెడతారు. మందులు మానమని అమ్మ ఎన్నడూ అనలేదు గనుక, రోగులు వైద్యుని మాట వింటూనే ప్రసాదం స్వీకరించాలి. దర్శనానికి వచ్చినవారు మొదట అమ్మ క్షేమం అడిగి, తరువాత వెనుదిరిగి తమతో వచ్చినవారిని అదే మాట అడుగుతారు. చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. వారిని తొందరపెట్టకండి. గుడి మూసే వేళ దాటినా పూజారి తలుపు వేయడు.