మడుగాటకు మూడో భాగం

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, దున్నలు, అడవిపందులు, కోతులు, ఒక ముళ్లపంది ఉండేవి. కోన మధ్యలో ఒకే ఒక మడుగు ఉండేది. వానాకాలంలో దాని సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఎండలు ముదిరి వాగులన్నీ ఎండిపోయాక మాత్రం అందరికీ ఆ మడుగే దిక్కు.

మడుగుకు మూడు వైపులా నిలువు బండలు. దిగడానికి ఒకటే దారి, అదీ ఇరుకు. వేసవిలో అన్ని మందలూ ఒకేసారి ఆ దారిలో పడేసరికి పెద్ద తోపులాట జరిగేది. దున్నలు కొమ్ములు విసిరేవి. పందులు కోరలు చూపించేవి. పిల్లలు కాళ్ల కింద పడి నలిగిపోయేవి. ఒక వేసవిలో అలా మూడు పిల్లలు చచ్చిపోయాయి.

అప్పుడు ముళ్లపందికి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, కాదనకూడదు. మడుగు ముందున్న మెత్తటి మట్టిలో అది తన ముల్లుతో గళ్లు గీసింది. మందకో వరుస, వరుసకు నలభై గళ్లు. ఒక వైపు అరగదీసిన ఐదు చింతగింజలు తెచ్చి పెట్టింది. మందకొకరు చొప్పున వచ్చి గింజలు వేయాలి. ఎన్ని గింజలు తెల్లగా పడితే అన్ని గళ్లు తమ పుల్లను ముందుకు జరపాలి. చివరి గడి పేరు తాగే గడి. ముందుగా దాన్ని చేరిన మంద ముందుగా నీళ్లు తాగుతుంది. తర్వాత చేరినది తర్వాత తాగుతుంది. ఆట ముగిసేదాకా ఎవరూ నీళ్లలో మూతి పెట్టకూడదు.

ఆ ఆటకు మడుగాట అని పేరు పడింది. ఎండ చురుక్కుమనేలోగా ఆట అయిపోయేది. అందరూ తృప్తిగా తాగి నీడ పట్టున చేరేవారు. ఆ వేసవిలో ఒక్క పిల్ల కూడా నలగలేదు. జంతువులన్నీ సంతోషించి ముళ్లపందికి ఒక గౌరవం ఇచ్చాయి. అది ఆట ఆడనక్కర్లేదు. రోజూ అందరికంటే ముందు వచ్చి నీళ్లు తాగిపోవచ్చు.

మరుసటి ఏడు పక్క అడవిలో కార్చిచ్చు రేగి, మనుబోతులు కోనకు వలస వచ్చాయి. ఆటలో వాటికి వరుస లేదు. అందుకని ముళ్లపంది పాత వరుసల పక్కనే ఇంకో వరుస గీసింది. అది అవసరమైన పని. ఎవరూ తప్పు పట్టలేదు.

కానీ కోతులు ఊరుకోలేదు. మడుగాట పెరిగిందంటూ చెట్టుచెట్టుకూ తిరిగి చాటాయి. ఇలాంటి బుర్ర అడవి మొత్తంలో ఇంకెవరికీ లేదని ముళ్లపందిని మునగచెట్టెక్కించాయి. ఇంకా పెంచమని కొన్ని, ఏకంగా రెండో భాగం తీయమని కొన్ని, రోజూ దాని బొరియ ముందు చేరి ఒకటే గోల.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోతులు మడుగు నీళ్లు తాగవు. కొండ మీద చెట్టుతొర్రల్లో, బండల సందుల్లో వాటికి నీళ్లు దొరుకుతాయి. ఆటలో వాటికి వరుసే లేదు. కొమ్మల మీద కూర్చుని కేరింతలు కొట్టడమే వాటి పని. ఆట ఎంతసేపు సాగితే వాటికి అంత కాలక్షేపం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

ఈ సంగతి ముళ్లపందికి తెలియదా? బాగా తెలుసు. పొగడ్త చెవిన పడ్డాక మాత్రం తెలిసిన సంగతులు గుర్తుండవు. ఆట అయిపోతే అందరూ తనను మరిచిపోతారని దానికి దిగులు పట్టుకుంది. రాత్రీ పగలూ అదే ఆలోచన.

మూడో వేసవిలో అది నలభై గళ్ల మధ్య గోతిగళ్లు పెట్టింది. గోతిగడిలో పుల్ల పడితే మళ్లీ మొదటికి రావాలి. అంతటితో ఆగలేదు. పక్కన ఇంకో పెద్ద పటం గీసి, అందులోనూ గోతిగళ్లు పెట్టి, ఇది మడుగాట రెండో భాగం అంది. మొదటి పటం చివర ఉన్న తాగే గడిని కాలితో చెరిపేసి, తీసుకెళ్లి రెండో పటం చివర గీసింది.

చూశారా దాని తెలివి! వలస వచ్చినవాళ్లకు ఇంకో వరుస కలిపినప్పుడు అది పెద్దమనిషి. ఉన్న ఆట తోక కోసి, ఆ తోకనే కొత్త ఆట అని చూపించినప్పుడు అది దొంగ. అడవిలో ఎవరికీ ఈ తేడా తెలియలేదు. కుర్ర దున్నలకైతే ఆ గోతిగళ్లు భలే సరదాగా అనిపించాయి. పాతదాన్నే పెంచితే బాగుండేదా, కొత్తది తీయడమే బాగుందా అని చెట్ల నీడల్లో వాదించుకున్నాయి. అసలు ఆట పెట్టింది ఎందుకో ఒక్కటీ అడగలేదు. పొద్దున్నే అయిపోవలసిన ఆట మిట్టమధ్యాహ్నం దాకా సాగింది.

అడిగింది అడవిపంది ఒక్కతే. దానికి ఏడుగురు పిల్లలు. ఒకరోజు అది ముళ్లపంది దగ్గరకు వెళ్లి నిలబడింది.

"మామా, నలభై గళ్లతోనే తోపులాట ఆగిపోయింది కదా. ఇప్పుడు ఈ నూరు గళ్లూ దేనికి?"

"ఆట అందరికీ నచ్చింది. నచ్చిన ఆటకు ఇంకో భాగం తీయకపోతే నన్ను తిట్టరా?" అంది ముళ్లపంది.

"నచ్చింది ఆటా, ఆట అయ్యాక దొరికే నీళ్లా? ఒకసారి ఆడేవాళ్లను అడిగి చూడు."

ముళ్లపందికి కోపం వచ్చి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "మట్టి తవ్వుకునేదానివి, ఆట గీయడం గురించి నీకేం తెలుసు?" అంది.

కోతులు పళ్లికిలించి నవ్వాయి. పంది వచ్చేసింది. ఆడనంటే తన పిల్లలకు నీళ్లు ఉండవు. అందుకే ఆ వేసవంతా పళ్లు బిగబట్టి ఆడింది.

నాలుగో వేసవి అన్నిటికంటే గడ్డుగా వచ్చింది. మడుగు సగానికి సగం తగ్గిపోయింది. ఆకులు చెట్టు మీదే మాడిపోయాయి. కోనలో అందరి డొక్కలూ లోపలికి పోయాయి. అలాంటి వేసవిలో, బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఆట తగ్గిస్తారు. ముళ్లపంది మూడో భాగం తెచ్చింది.

కొత్త పటం మీద టేకు ఆకులు కప్పి, రెండో భాగం దాటినవాళ్లకే దాన్ని చూపిస్తానంది. ఇక తాగే గడి ఆ పటం చివరే ఉంటుందట. ఏముందో చూడాలని కోతులు తెల్లవారకముందే వచ్చి కొమ్మలన్నీ నింపేశాయి. ముళ్లపంది ఎప్పటిలాగే కడుపునిండా నీళ్లు తాగి వచ్చి, దారికి అడ్డంగా కూర్చుని, ఆట మొదలుపెట్టమంది.

జింకల తరఫున ఆడేది ఒక తల్లి జింక. దాని పిల్ల పుట్టి పది రోజులైంది. తల్లికి నీళ్లు లేక పాలు రావడం లేదు. ఈ రోజు తల్లి తాగితేనే పిల్లకు పాలు. జింక పిల్లను పటం పక్కనే పడుకోబెట్టి గింజలు వేయడం మొదలుపెట్టింది.

పొద్దెక్కింది. గింజలు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉన్నాయి. ఒకటి ముందుకు పోతే ఇంకొకటి గోతిలో పడి వెనక్కి వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి జింక ఎలాగో రెండో భాగం చివరికి చేరింది. ఇంకో మూడు గళ్లు జరిగితే మూడో భాగం. జింక గింజలు వేసింది. రెండు తెల్లగా పడ్డాయి. రెండో గడి గోతిగడి.

పైన కోతులు ఈలలు వేశాయి.

జింక పిల్ల వైపు చూసింది. పిల్ల మెడ వాల్చేసింది. నాలుక బయటికి వచ్చి దుమ్ము అంటుకుంది. కడుపు మాత్రం పైకీ కిందకీ కొట్టుకుంటోంది.

అప్పుడు జింక ఏం చేసిందో చెబితే మీకు నమ్మబుద్ధి కాదు. నీళ్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. కళ్ల ముందు మెరుస్తున్నాయి. జింక తన పుల్లను నోట కరిచి తెచ్చి, మొదటి భాగం మొదటి గడిలో పెట్టింది. కళ్ల నీళ్లు కారుతుంటే మళ్లీ తన వంతు కోసం నిలబడింది. దున్నలు చూశాయి. మనుబోతులు చూశాయి. అన్నీ అయ్యో అనుకున్నాయి, అన్నీ తమ వంతు కోసమే చూశాయి. నాలుగేళ్లుగా పాటించిన నియమం కదా, పిల్ల ప్రాణం కంటే అదే పెద్దదైపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాతి వంతు అడవిపందిది. అది గింజలు ముట్టుకోలేదు. నేరుగా వెళ్లి జింకపిల్లను మూతితో లేవనెత్తి నిలబెట్టింది. పిల్ల కాళ్లు వంగిపోతుంటే తన పక్కకు ఆనించుకుని, గళ్లన్నీ తొక్కుకుంటూ మడుగు వైపు నడిచింది. పుల్లలు చెదిరిపోయాయి.

ముళ్లపంది లేచి ముళ్లు విప్పి దారికి అడ్డంగా నిలబడింది.

"ఆట ఇంకా అవలేదు. ఒకరి కోసం ఆపితే రేపు అందరూ ఆపమంటారు," అంది.

"పిల్ల చచ్చిపోతోంది. జరుగు," అంది పంది.

"నియమం అందరికీ ఒకటే."

"నువ్వు పొద్దున్నే తాగావు," అంది పంది.

ఆ మాటతో మందలన్నీ తలెత్తి ముళ్లపందిని చూశాయి.  పంది ముళ్ల మీదికే తల పెట్టి తోసింది. మూడు ముళ్లు దాని చెంపలో దిగాయి. నెత్తురు కారుతున్నా ఆగకుండా ముళ్లపందిని బండ దాకా నెట్టి, జింకపిల్ల మూతిని నీళ్లకు ఆనించింది. పిల్ల మొదట తాగలేకపోయింది. తర్వాత ఒక గుక్క మింగింది. ఆ తర్వాత తల ఎత్తకుండా తాగింది.

వెనుక మందలు కదిలాయి. మళ్లీ తోపులాట మొదలయ్యేదే. పంది వెనక్కి తిరిగి, ముందు పిల్లలు, తర్వాత తల్లులు, ఆ తర్వాతే మిగతావాళ్లు అని గట్టిగా చెప్పింది. నెత్తురోడుతున్న దాని ముఖం చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. గింజలు లేవు, గళ్లు లేవు, అయినా వరుసగా తాగాయి.

మర్నాడు పొద్దున మందలన్నీ అదే పద్ధతిలో తాగేశాయి. కాసేపటికి ముళ్లపంది ఏమీ జరగనట్టు వచ్చింది. నిన్న ఆట పాడైందని, ఈ రోజు మళ్లీ మొదలుపెడదామని, మూడో భాగం కోసం కోతులు ఎదురుచూస్తున్నాయని చెప్పి నీళ్ల వైపు నడవబోయింది. తల్లి జింక వచ్చి దారిలో నిలబడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని జింక అది.

"ఈ రోజు నువ్వు ఆడు మామా. మూడు భాగాలూ ఆడి, అప్పుడు తాగు," అంది.

దాని వెనుక దున్నలు వచ్చి నిలబడ్డాయి. ముళ్లపంది నవ్వింది. తను గీసిన ఆట తనకు రాదా అనుకుంది. చెదిరిన గళ్లను తనే మళ్లీ గీసుకుని గింజలు వేసింది.

అది మడుగాట గీసింది గానీ ఒక్కసారి కూడా ఆడలేదు. ఐదోసారి గింజలు వేసేసరికే గోతిలో పడింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ పడింది. పొద్దెక్కేకొద్దీ దాని గొంతు ఎండిపోయింది.  తనే పెట్టిన గోతిగడి కనిపించినప్పుడల్లా తిట్టుకుంది. ఒక్క ముళ్లపంది ఆడే ఆట చూడటం విసుగనిపించి, మధ్యాహ్నానికల్లా కోతులు ఇప్పపూలు ఏరుకోవడానికి పోయాయి. మందలు మాత్రం కదలకుండా కూర్చుని చూశాయి.

పొద్దు వాలుతుండగా ముళ్లపంది రెండో భాగం దాటింది. ఆగమన్నా ఆగకుండా దున్న ఒకటి ముందుకొచ్చి, మూడో పటం మీద కప్పిన టేకు ఆకులను పక్కకు ఈడ్చేసింది.

వరుసకు ఆరేసి గళ్లు ఉన్నాయి. ఆ తర్వాత అంతా ఉత్త మట్టి.

జింక ఆ మట్టిని చూసింది. "తాగే గడి ఏది మామా?" అని అడిగింది.

ముళ్లపంది ఎండిన మూతి నాకుకుంది. "ఇంకా గీయలేదు," అంది. "వచ్చే వేసవికి గీద్దామనుకున్నాను."

 జింక తన పిల్లను దగ్గరకు తీసుకుంది.

"నిన్న నా పిల్ల మెడ వాల్చేసినప్పుడు, ఎక్కడికి చేరమని నన్ను ఆడించావు?"

 ఒక దున్న ముళ్లపందిని తొక్కేయడానికి కాలు ఎత్తింది. చెంపలో ఇంకా గాయం మానని అడవిపంది దున్నకు అడ్డం వచ్చింది. దాహంతో ఉన్నదాన్ని ఆపడం ముళ్లపంది బుద్ధి అని, మనకెందుకని, తాగనిమ్మని చెప్పింది.

ముళ్లపంది తల వంచుకుని వెళ్లి, అందరూ తాగగా అడుగున మిగిలిన బురదనీళ్లు తాగింది. ఆ నాటి నుంచి ప్రతిరోజూ దాని వంతు చివరే. ఇప్పలకోనలో మందలన్నీ పంది చెప్పిన వరుసలోనే తాగి, పిల్లాపాపలతో వృద్ధి చెందాయి. ముళ్లపంది ఇంకేదైనా కొత్తది గీస్తానని వస్తే మాత్రం, తాగే గడి ఏది మామా అని జింక దాన్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. అది వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

నీతి: అవసరానికి పెంచితే ఆట అందరిదీ అవుతుంది, పొగడ్తల కోసం సాగదీస్తే ఆడేవారి ప్రాణాల మీదికి వస్తుంది. చివరి గడి గీయకుండా ఎవరినీ ఆటకు పిలవకూడదు.