కంతి కనిపించని వైద్యుడు

ఆ రాజ్యంలో పేగుల్లో కంతి లేచి చచ్చేవాళ్లు ఎక్కువ. రాజు ఇద్దరు వైద్యుల్ని పెట్టి, జనాన్ని చెరిసగం పంపాడు. శంభుదత్తుడికి ఎవరి కడుపులోనూ కంతి కనిపించేది కాదు. మాచనార్యుడికి రోజూ కనిపించేది.

"మాచనార్యుడి గడప తొక్కితే రోగం అంటుకుంటోంది. ఆ వైద్యశాల మూసెయ్యండి. శంభుదత్తుడికి సన్మానం చెయ్యండి" అన్నాడు రాజు.

పాడె మోసే ఎల్లమంద దండం పెట్టాడు. "మూసేముందు ఒక్క మనవి దొరా. శంభుదత్తుడుగారు ఏ కంతీ లేదన్నవాళ్లని మాచనార్యులవారికి చూపించండి."

"సరే, పిలిపించు."

"నా పెళ్లాం ఇక రాలేదు దొరా, కంతితోనే పోయింది. ఆయన మాట నమ్మిన ఇంకా ఎందరినో నేనే కాటికి మోశాను. బతికున్నవాళ్లతో మొదలుపెడదాం."

"ఎవరితో?"

"నిరుడు ఆయన తమరి కడుపు కూడా చూశారు కదా!"

రాజు చెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది.