ఎవరికీ చెప్పొద్దన్న కొలువు

సర్దుకున్నారా? ఒరేయ్ రాఘూ, ఆ దుప్పటి కొస చెల్లికి కూడా వదలరా, దానికి కాళ్ళు లేవా ఏంటి. సరే, నేను చెబుతూ ఉంటాను, మీరు ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోద్ది.

అనగా అనగా, రాజుగారి కోటకి ఒక పూట నడక దూరంలో వేపగుంపల అని ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో వెంగమ్మ అని ఒక ముసలావిడ. ఆవిడకి ఒక్కడే కొడుకు, బయ్యన్న. సున్నపు బట్టీలో పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా అయిపోయి ముసలాడిలా కనిపించేవాడట. వాడి పెళ్ళాం పేరిందేవి. ఆ పిల్లకి చదువొచ్చు. తాటాకు మీద చీమకాళ్ళంత అక్షరాలున్నా గడగడా చదివేసేది. పక్క ఊళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దించి ఇన్ని వడ్లో, ఇంత బెల్లమో తెచ్చుకునేది. సాయంత్రం బయ్యన్న కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని బట్టీ దగ్గర ఎవడేమన్నాడో, ఎద్దు ఎట్టా మొరాయించిందో అన్నీ చెప్పేవాడు. ఈ పిల్ల వినేది. అట్టా హాయిగా ఉండేవాళ్ళు.

ఊఁ అనండి.

ఆ రాజుగారికేమో చూపు మసక. మంచివాడే, కానీ అక్షరం కనపడదు. జనం తమ కష్టాలు తాటాకుల మీద రాసి తెచ్చిన అర్జీలన్నీ శుక్రవారం శుక్రవారం ఆయనకి చదివి వినిపించాలి. చదివేది ఒక్కడే, ముకుందయ్య అని. రాజుగారి రాతకోతలన్నీ చూసే పెద్ద గుమాస్తా, రాయసం అనేవాళ్ళు అప్పట్లో. ఒక్కడు ఎన్నని చదువుతాడు, ఇంకో పన్నెండు మందిని తీసుకుందాం అని రాజుగారే అనుకుని దండోరా వేయించాడు. ఆడైనా సరే మగైనా సరే, తప్పు లేకుండా చదివితే చాలు అని.

మూడొందల మంది పోయారట పరీక్షకి. ఈదురుగాలిలో, ఆకులు ఎగిరిపోతుంటే పట్టుకుని చదవాలట. పన్నెండు మంది నెగ్గారు. వాళ్ళలో మన పేరిందేవి ఒకతి. అదే ఊరి ఓబులేసు ఒకడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే అయ్యవారి దగ్గర ఒకే అరుగు మీద చదువుకున్నవాళ్ళు. అన్నాచెల్లెళ్ళ లెక్క.

పేర్లు చదివి, ముకుందయ్య ఒక మాట చెప్పాడు. ఎవరికి ఏ చావడిలో పనో రాసిన తాటాకు కమ్మ మీ ఇంటికే వస్తుంది, అందాకా ఇంకో పని పట్టుకున్నారంటే పేరు కొట్టేస్తాం అని. పేరిందేవి ఆ మర్నాడే పక్క ఊరి పిల్లల దగ్గర పని మానేసింది.

ఇంక చూడండి. వానలొచ్చాయి, కమ్మ రాలేదు. నాట్లేశారు, కమ్మ రాలేదు. కోతలు కోశారు, కమ్మ రాలేదు. కుప్పలు నూర్చారు, గడ్డివాములేశారు, వాముల మీద సొరపాదు పాకింది, పాదుకి పిందెలు పడ్డాయి, పిందెలు కాయలయ్యాయి, కాయలు ఎండి బుర్రలయ్యాయి, కమ్మ మాత్రం రాలేదు. మీ చిన్న మావయ్య పరీక్ష పాసై, పోస్టింగు కోసం ఆ సెల్లు కేసి చూసి చూసి కళ్ళు మంటలంటాడే, అట్టా ఆ పిల్ల వీధి కేసి చూసేది.

చూసి చూసి, కోట దగ్గరికి పోయి అడిగింది. చావడి కిటికీలోంచి ఎవరో రేపు రమ్మన్నారు. రేపు పోతే మళ్ళీ రేపన్నారు. ఐదోసారో ఆరోసారో ముకుందయ్యే బయటికొచ్చి, ఆ పిల్లని గోడవారకి పిలిచాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "రాజుగారి ఎదురుగా కూర్చుని చదివే కొలువు, అది ఒక్కటే ఉంది. నీకే రాసిపెట్టాను. మిగతావాళ్ళంతా దాని మీదే కన్నేశారు. ఎవరికీ చెప్పకు. ఇంట్లో మొగుడికి కూడా చెప్పకు. చెబితే పోతుంది" అన్నాడు.

ఆ పిల్ల దణ్ణం పెట్టి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

అక్కణ్ణించి పట్టుకుంది చూడు అనుమానం. ఓబులేసు కొత్త చెప్పులేసుకుని కనిపించాడు. వీడికి చెప్పులెక్కడివి, వీడికేమన్నా అందిందా అని ఓబులేసు మీద అనుమానం. ఓబులేసు చెప్పుల మీద అనుమానం. చెప్పులు కుట్టినవాడి మీద అనుమానం. కుట్టినవాడితో మాట్లాడిన చాకలి మీద అనుమానం. చాకలి గాడిద అటు తిరిగి ఓండ్రపెడితే, ఎవరొచ్చారని అరిచిందో అని గాడిద మీద కూడా అనుమానమే. నవ్వకండి. వీధిలో ఓబులేసు ఎదురుపడితే, ఏమన్నా తెలిసిందా అని ఈమె అడిగేది. ఏం తెలీలేదమ్మా, నీకేమన్నా తెలిసిందా అని వాడు అడిగేవాడు. నాకూ ఏం తెలీలేదన్నా అనేది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా చెరో పక్కకీ పోయేవాళ్ళు.

ఇంట్లో ఇంకో రకం. కోటకి పోయి వస్తుంది, ఏమన్నారే అని మొగుడడిగితే ఏమీ అనలేదంటుంది. అంటూనే ఓ మూలకి తిరిగి తనలో తాను నవ్వుకుంటుంది. బయ్యన్న అరిచే మనిషి కాదు. ఇది నా దగ్గరేదో దాస్తోంది అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చోడం మానేశాడు. తిని, చెయ్యి కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈమేమో, ఈయన ఎందుకు మాట్లాడ్డు, ఈయనకెవరన్నా ఏమన్నా చెప్పారా అని ఆయన మీద కూడా అనుమానపడేది.

ఇంట్లో గింజలు అడుగంటాయి. వెంగమ్మ ఆ వయసులో పక్కిళ్ళకి పోయి వడ్లు దంచడం మొదలెట్టింది. ఒకనాడు మధ్యాహ్నం ఆవిడ వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకోబోతే చెంబు చేతిలో ఆగలేదు. అరిచేతుల నిండా బొబ్బలు. పేరిందేవి గబగబా పోయి ఆముదం తెచ్చి రాస్తూ ఉంటే, ఆవిడ చేతులు వెనక్కి తీసుకోకుండానే అడిగింది.

"నీ పేరు నిజంగానే పిలిచారా అమ్మాయ్? లేక పోయిందని చెప్పలేక అట్టా అంటున్నావా? పోతే పోయింది, నేనేమీ అనను."

పేరిందేవికి ఏడుపొచ్చేసింది. ఇంత కష్టపడుతున్న అత్తకి తన మీద ఈ అనుమానమా అని. ఇంక ఆపుకోలేక, ముకుందయ్య గోడవారన చెప్పిందంతా చెప్పేసింది. చెప్పి, చెప్పేశాను కదా, ఇంక పోతుంది అని గుండెలు పట్టుకుంది.

వెంగమ్మ అక్షరమ్ముక్క రాని మనిషి. అయినా ఇదంతా విని, ఇట్టా అడిగింది.

"అది రాజుగారి కొలువు కదా. ఇచ్చేవాడు నలుగురిలో పేరు పిలిచి ఇస్తాడు గానీ, గోడవారన దాచి ఇస్తాడా? నీకిస్తే ఆయనకి భయం దేనికి? పోయి ఆ ఓబులేసుని అడుగు."

ఊఁ కొట్టరే? నిద్రా? ఇప్పుడే అసలు కథ.

పేరిందేవి పోయింది. ఓబులేసు గుమ్మంలో కూర్చుని చెప్పులో గుడ్డపీలికలు కుక్కుకుంటున్నాడు. ఏంటన్నా అంటే, ఇవి మా మామగారివమ్మా, నాకు రెండు వేళ్ళు పెద్దవి, కోటకి తిరిగి తిరిగి కాళ్ళు పగిలిపోతే ఇచ్చాడు అన్నాడు. పేరిందేవికి తల దించుకోవాలనిపించింది. నెమ్మదిగా, అన్నా, నీకు రాయసంగారు ఏమన్నా చెప్పాడా అని అడిగింది. వాడు తలెత్తలేదు. ఇంకో పీలిక కుక్కాడు. చివరికి, చెప్పకూడదన్నారమ్మా అంటూనే మొదలెట్టాడు. "రాజుగారి ఎదురుగా..."

"కూర్చుని చదివే కొలువు," అంది పేరిందేవి. "అది ఒక్కటే ఉంది. నీకే రాసిపెట్టాను."

ఓబులేసు చేతిలో చెప్పు కింద పడిపోయింది.

ఇద్దరూ కలిసి మిగతా పదిమంది ఊళ్ళూ తిరిగారు. తేలికనుకున్నారా? ఒకాయన వీళ్ళని చూసి తలుపేసుకున్నాడు. ఒకామె, నా కొలువు లాక్కోడానికొచ్చారా అని చీపురెత్తింది. బతిమాలి, కూర్చోబెట్టి, ముందు తమది చెప్పి, తర్వాత వాళ్ళని అడిగితే, అందరిదీ ఒకటే మాట. అదే గోడవార. అదే గొంతు తగ్గించడం. ఇంట్లో కూడా చెప్పకు అన్న మాటతో సహా అదే.

మరి ఎందుకట్టా చెప్పాడు అంటావా? నీలాగే పేరిందేవీ అనుకుంది. చావడి వెనకాల ఒక గది ఉందట. దాంట్లో దెయ్యం ఉంది, అటు పోయినవాళ్ళు రక్తం కక్కుకున్నారని జనం అటు తొంగి కూడా చూడరు. మాట దాచమన్నవాడు ఇంకేం దాస్తున్నాడో చూద్దామని పేరిందేవి అటు పోయింది. తలుపుకి ఇంత తాళం. తాళానికి తుప్పు లేదు. వేలు పెట్టి చూస్తే నూనె అంటింది. ఎవరో రోజూ తీస్తున్నట్టే. తలుపు సందులోంచి చూస్తే, నేల నించి దూలాల దాకా తాటాకు కట్టలు. సందుకి దగ్గరున్నవి చదివితే, అన్నీ ముకుందయ్య మీదా, వాడి మనుషుల మీదా పెట్టిన అర్జీలే. రాజుగారికి చదవని అర్జీలు. ముకుందయ్య తనకిష్టమైన నాలుగూ చదివి, తన మీదా, తనవాళ్ళ మీదా వచ్చినవన్నీ దాంట్లో పడేస్తున్నాడన్నమాట. పన్నెండు మంది చదివేవాళ్ళొస్తే అవన్నీ బయటపడవూ? అందుకని, రాజుగారు అడిగితే ఇంకా చూస్తున్నాం ప్రభూ అని చెప్పి, వాళ్ళని రానివ్వడు. రానివ్వట్లేదని వాళ్ళు ఒక చోట చేరి అడక్కుండా, ఒకళ్ళ మీద ఒకళ్ళకి అనుమానం పెట్టి కూర్చోబెట్టాడు.

రాజుగారికి చెబుదామంటే ఎట్టా? నోరెత్తి అరిస్తే భటులు గెంటేస్తారు. అర్జీ పెడితే చదివేది ముకుందయ్యే. తన మీద ఉన్నది చదవడు కదా. అప్పుడు పేరిందేవి అంది, తన మీద చాడీ అయితే చదవడు, తన మీద పొగడ్త అయితే అక్షరం వదలకుండా చదువుతాడు, అందరం పొగుడుతూ రాద్దాం అని.

శుక్రవారం వచ్చింది. రాజుగారి కొలువుకూటం నిండా జనం. బయ్యన్న, వెంగమ్మ కూడా వచ్చి వెనకాల నుంచున్నారు. ముకుందయ్య మొదటి కమ్మ తీశాడు. తన పేరు కనపడగానే మొహం విప్పారింది. దగ్గి, గొంతు సవరించుకుని చదివాడు. 'దయామయులైన ముకుందయ్యగారు రాజుగారి ఎదురుగా కూర్చుని చదివే ఒకే ఒక్క కొలువును నాకే రాసిపెట్టినందుకు వేపగుంపల పేరిందేవి దణ్ణాలు.' రాజుగారు బాగుంది బాగుంది అన్నాడు. ముకుందయ్య రెండోది తీశాడు. ఓబులేసుది. మొదటి వరసలో మళ్ళీ అదే, ఒకే ఒక్క కొలువు. తడుముకుని, ఇది ఓబులేసు అనేవాడి పొలం గట్టు తగాదా ప్రభూ అని ఏదో కల్పించి చదివాడు.

ఎవరయ్యా ఓబులేసు అన్నాడు రాజుగారు. ఓబులేసు ముందుకొచ్చాడు.

"ప్రభూ, నాకు పొలమే లేదు."

రాజుగారికి చూపు మసక గానీ బుర్ర మసక కాదు. ఇందాకటి పేరిందేవి ఎవరు, ఆ కమ్మలన్నీ ఆ అమ్మాయి చేతికివ్వండి అన్నాడు. పేరిందేవి చదివింది. ఓబులేసుకి ఒకే ఒక్క కొలువు, దణ్ణాలు. ఇంకొకరికి ఒకే ఒక్క కొలువు, దణ్ణాలు. మరొకరికి ఒకే ఒక్క కొలువు, దణ్ణాలు. పన్నెండూ అట్టాగే. చదివిందంతా విని రాజుగారు, "నా ఎదురుగా ఉన్నది ఒక పీట. దాని మీద పన్నెండు మందిని ఎట్టా కూర్చోబెడతావు ముకుందయ్యా?" అన్నాడు.

అప్పుడు పేరిందేవి వెనక గది సంగతి చెప్పింది. అయ్యో ప్రభూ, దాంట్లో దెయ్యముంది, తెరవకూడదని ముకుందయ్య కాళ్ళ మీద పడ్డాడు. పేరిందేవి నెమ్మదిగా, దెయ్యాన్ని తాళం ఆపుతుందా ప్రభూ, అంత నూనె రాసి మరీ ఎవరిని ఆపుతున్నారో అడగండి అంది. రాజుగారు గోడ తడుముకుంటూ తనే వెళ్ళి తలుపు తీయించాడు. కట్టలు జారి ఆయన పాదాల మీద పడ్డాయట. ఒక ఆకు తీసి వేళ్ళతో తడిమాడు, అక్షరాలు తగులుతున్నాయి గానీ తెలీడం లేదు. ఇన్నాళ్ళూ ఇంతమంది నాతో మాట్లాడుతున్నారా అని అక్కడే కూలబడిపోయాడట.

ముకుందయ్యకేం శిక్షంటారా? నీ శిక్షేంటో ఆలోచించి కమ్మ పంపిస్తాం, అందాకా ఇంకో పని పట్టుకోకు, ఇంటికి పోయి కూర్చో అన్నాడు రాజుగారు. వాడు ఇప్పటికీ వీధి కేసి చూస్తూనే ఉంటాడు.

ఆ సాయంత్రమే నలుగురిలో దండోరా వేయించి పన్నెండు మందికీ కొలువులిచ్చారు. ఓబులేసుకి ఐదూళ్ళ చావడిలో చదివే పని. పేరిందేవికి ఆ గదిలో అర్జీలన్నీ ఒక్కొక్కటీ రాజుగారికి చదివి వినిపించే పని. వెంగమ్మని రోకలి ముట్టుకోనివ్వలేదు మళ్ళీ.

ముగ్గురూ ఇంటికి తిరిగొస్తున్నారు. వెంగమ్మ ముందు నడుస్తోంది. ఏటిగట్టు దాటాక బయ్యన్న అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పోతుందన్నాడు."

"ఏది పోతుందన్నాడు?"

కొలువు అనే అన్నాడు ముకుందయ్య. కానీ చెప్పకపోవడంతో ఏం పోయిందో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, తప్పయిపోయింది, నీ మీద కూడా అనుమానపడ్డాను అంది. నేనూ పడ్డాలే అన్నాడు వాడు. కాస్త దూరం నడిచి, నిన్న బట్టీ దగ్గర ఏమైందో తెలుసా అని మొదలెట్టాడు. ఎన్ని నెలల కబుర్లో, ఊరొచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. ఈ పిల్ల వింటూనే ఉంది.

కాబట్టి ఎవడైనా మీ చెవిలో నోరు పెట్టి, నీకొక్కడికే, ఎవరికీ చెప్పకు అన్నాడంటే, ముందు ఇంటికొచ్చి చెప్పండి. తెలిసిందా?

అదీ సంగతి. కథ కంచి దారి పట్టి పోయింది. మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాంగా. కళ్ళు మూసుకోండి.