వడ్డించేవాడి ఆకలి

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం ఫాదర్ శౌరప్పగారికి చేతకాదని ఫాదర్లను తయారుచేసే ఆ గురువిద్యాలయంలో ఎప్పట్నుంచో పేరు. తెలియక కాదు. లావుపాటి వేదశాస్త్ర గ్రంథాలు ఆయనకు నాలుక చివర ఉండేవి. కానీ ఏ విద్యార్థి అయినా గుండె అరచేతిలో పెట్టుకుని వచ్చి ఏదైనా అడిగితే, ఆయన కిటికీలోంచి బయటికి చూసి, తోటలో బెండమొక్కలకు నీళ్లు పెట్టారా అని ఎదురడిగేవారు. అడిగినవాడు ఒళ్లు మండి వెళ్లిపోయేవాడు. తర్వాత ఎప్పుడో, ఏదో చిన్న సంగతి జరిగేది. అప్పుడు వాడికి తన ప్రశ్న మళ్లీ గుర్తుకొచ్చేది. అందుకే ఆయన్ని ఆధ్యాత్మిక గురువుగా అక్కడ ఉంచారని పెద్దలు అనేవారు. తప్పించుకోవడంలో ఆరితేరినవాడు కాబట్టి ఉంచారని కుర్రవాళ్లు అనేవారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

బ్రదర్ లూర్దురాజుది అక్కడ ఆఖరి సంవత్సరం. ఫాదర్లు కాబోయే విద్యార్థుల్ని అక్కడ బ్రదర్ అనే పిలుస్తారు. మీసం మొలవకముందు చేరినవాడు, ఇప్పుడు గడ్డం గీసుకోవడానికి కూడా విసుగుపడే దశకు వచ్చాడు. ఇన్నేళ్లూ గంట కొడితే లేచాడు, గంట కొడితే తిన్నాడు, గంట కొడితే నోరు మూసుకున్నాడు. తెల్లవారకముందే గుడిలో కీర్తనల ప్రార్థన. ఆ వెంటనే ధ్యానం. ఆ సమయంలో వంగిన తలల్లో భక్తితో వంగినవి ఎన్నో, నిద్రతో వంగినవి ఎన్నో దేవుడికే ఎరుక. తర్వాత పూజ, ఉప్మా, పాఠాలు, మధ్యాహ్నం ఎండ తగ్గాక తోటలో కలుపుతీత, సాయంత్రం వరండాలో అటూ ఇటూ నడుస్తూ జపమాల, ఆదివారం పక్క ఊళ్లకు వెళ్లి పిల్లలకు ఉపదేశం. మొదట్లో ఇదంతా లూర్దురాజుకు పండగలా ఉండేది. జపమాల చెబుతుంటే కళ్లు చెమర్చేవి. ఆ చెమ్మ ఎప్పుడు ఆరిందో అతనికే తెలియదు. పెదవులు తమంతట తామే కదిలేవి, కీర్తన పూర్తయ్యేది, ఏ కీర్తన చదివాడని అడిగితే చెప్పలేకపోయేవాడు. అలసిపోయాడు. పని చేసి అలిసినవాడు పడుకుంటే లేస్తాడు. అతనిది నిద్రతో పోయే అలసట కాదు.

ఇంతలో శనివారం దగ్గరపడింది. ఆ రోజు పూజ అయ్యాక విద్యాలయం పెద్ద రెక్టరుగారు ఆఖరి సంవత్సరం బ్రదర్లను ఒక్కొక్కరినీ గదికి పిలిచి, గురుపట్టానికి సిద్ధమేనా అని అడుగుతారు. ఔనన్నవాడి సంగతి బిషప్ అయిన మేత్రాణులవారికి విన్నవిస్తారు. కాదన్నవాడు పెట్టె సర్దుకుంటాడు. లూర్దురాజు ఊళ్లో అప్పుడే అతని మొదటి పూజకు మేళం మాట్లాడేశారు. ఆ ఊరినుంచి ఫాదర్ అవుతున్నవాళ్లలో అతనే మొదటివాడు. వాళ్లమ్మ సలోమమ్మ ఎదురైన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పి, చెప్పినవాళ్లకే మళ్లీ చెబుతోంది. ఇక్కడ కొడుకు కక్కలేక మింగలేక ఉన్నాడు. చివరికి కాదనే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకున్నా మనసు ఊరుకోక, ఒక సాయంత్రం శౌరప్పగారి గది తలుపు తట్టాడు.

"ఫాదర్, నా దగ్గరే లేనిది నేను జనానికి ఏం పెట్టను? ప్రార్థన చేస్తే నోరు కదులుతోంది, లోపల ఏమీ కదలడం లేదు. ఇలాంటివాడు పీఠం ఎక్కితే అది మోసం కాదా?" అని అడిగాడు.

శౌరప్పగారు అతనివైపు చాలాసేపు చూశారు. బెండమొక్కల సంగతి ఎత్తలేదు. శుక్రవారం నీకు వినికిడి పరీక్ష ఉంది కదా, వెళ్లి చదువుకోమన్నారు. లూర్దురాజుకు గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది. ఇంతకాలం ఈయన్ని నమ్మినందుకు తనను తానే తిట్టుకుంటూ వచ్చేశాడు.

వినికిడి పరీక్ష అన్నది బ్రదర్లు పెట్టుకున్న ముద్దుపేరు. ఫాదర్ అయినవాడు పాపసంకీర్తనం వినాలి. జనం వచ్చి చెక్క జాలీకి అవతల మోకరించి తమ తప్పులు చెప్పుకుంటారు. ఇవతల కూర్చున్నవాడు ఓపిగ్గా విని, ఒకటి రెండు మంచి మాటలు చెప్పి, ప్రాయశ్చిత్తంగా ఏదో చిన్న పని విధించి, చివర చెయ్యెత్తి మన్నింపు మాటలు పలకాలి. విన్నది చచ్చేదాకా బయటపెట్టకూడదు. ఇది నేర్చుకోవడానికి నిజం పాపులు దొరకరు గనుక శౌరప్పగారే పాపి అవతారం ఎత్తేవారు. ఆయన వేషాలు అక్కడ పెద్ద వినోదం. తన పాపాలు ఒక్కటీ చెప్పకుండా కోడలి పాపాలన్నీ ఏకరువుపెట్టే అత్తగారిగా వచ్చేవారు. ప్రాయశ్చిత్తం తగ్గించమని బేరమాడే తాగుబోతుగా వచ్చేవారు. ఎవరికి ఏ వేషం పడిందో చెప్పుకుని బ్రదర్లు నెలరోజులు నవ్వుకునేవారు. ఒక్క కట్టడి మాత్రం ఉండేది. మన్నింపు మాటలు ఫాదర్ నోట తప్ప చెల్లవు కాబట్టి, పరీక్షలో వాటిని ఆటకైనా పలకకూడదు. చెయ్యెత్తి అక్కడితో ఆగిపోవాలి. ఈ మాట శౌరప్పగారు పాఠం మొదలుపెట్టిన రోజునే గట్టిగా చెప్పి ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం లూర్దురాజు గుడి పక్కనున్న చిన్న గదిలో జాలీకి ఇవతల కూర్చున్నాడు. గదిలో ఫ్యాను లేదు. పరీక్ష ఎలా పోయినా ఒకటే అనుకున్నాడు, రేపు వెళ్లిపోయేవాడికి మార్కులతో పనేమిటి. అవతల తలుపు తీసిన చప్పుడైంది. ఎవరో మెల్లగా, మూలుగుతూ, మోకాళ్లు చెక్క మీద ఆనించారు. ముసలి వేషం కాబోలు, మూలుగు బాగానే కుదిరిందనుకున్నాడు.

"ఫాదర్, నన్ను దీవించండి, నేను పాపిని," అంది అవతలి గొంతు. అందులో అత్తగారు లేరు, తాగుబోతు లేడు. "నేనూ ఫాదర్‌నే. పెద్దవాణ్ణి. ప్రార్థన చేస్తే నోరు కదులుతుంది, లోపల ఏమీ కదలదు. ఇలా చాలా ఏళ్లయింది. పొద్దున్నే గంట వింటే లేవబుద్ధి కాదు. పూజ చేస్తాను. జనం నా చేతినుంచి సత్ప్రసాదం తీసుకుని కళ్లు మూసుకుంటారు. వాళ్ల ముఖాలు చూస్తే నాకు అసూయ పుడుతుంది. నా చేతిలోంచే వెళ్లింది, నాకు మాత్రం అందలేదు. వాళ్లను మోసం చేస్తున్నానేమో అనిపిస్తుంది."

లూర్దురాజు ముఖం వేడెక్కిపోయింది. తాను ఏడుపు ఆపుకుంటూ చెప్పుకున్న బాధకు ఈయన వేషం కట్టాడు. తన మాటే తన ముందు పెట్టి మార్కులు వేస్తాడట. ఆ కోపంలోనే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. ఆత్మకు ఎండకాలాలు సహజమని, పట్టుదల విడవకూడదని, అలాంటివన్నీ. అంతా అయ్యాక అవతలివైపు నుంచి ఏ మాటా రాలేదు. జాలీ సందుల్లోంచి వంగిన తల ఒకటి నీడలా కనిపించింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తన జవాబు ఆ మనిషికి ఎందుకూ పనికిరాలేదని లూర్దురాజుకు తెలిసింది. తనకెవరైనా ఆ మాటలే చెప్పి ఉంటే తనకూ పనికిరావు. కోపం ఎటుపోయిందో పోయింది. మిగిలింది జాలి. ఆ ముసలాయన మీదో, తన మీదో విడదీసి చెప్పలేడు.

"ఈ ఏళ్లలో ఎప్పుడైనా పూజ మానేశారా ఫాదర్?" అని మెల్లగా అడిగాడు.

"లేదు."

"ఎందుకని?"

"వాళ్లు వచ్చి కూర్చుని ఉంటారు కదా," అంది గొంతు.

అనుకోకుండా లూర్దురాజుకు తన ఊరు కళ్లముందు కదిలింది. ఊళ్లో పునీతుల పండగకు గుడి ఆవరణలో విందు జరిగేది. వాళ్లమ్మ నడుముకు చెంగు దోపుకుని, చెమటలు కక్కుతూ, బంతి తర్వాత బంతికి పులుసు వడ్డించేది. తినమ్మా అంటే, అందరూ లేవనీ అనేది. ఒక్కోసారి ఆమె కూర్చునే వేళకు గిన్నెలో అడుగు కూడా మిగిలేది కాదు. నీళ్లు తాగి ఇంటికి వచ్చేది. మర్నాడు ఊరంతా పులుసు బ్రహ్మాండమని చెప్పుకునేది.

"మా ఊరి పండగలో వడ్డించేవాళ్లు చివర్న తింటారు ఫాదర్," అన్నాడు. "ఖాళీ కడుపుతోనే వడ్డిస్తారు. ఆకలితో వడ్డించారని వాళ్లని ఎవరూ మోసగాళ్లు అనలేదు. తిన్నవాళ్లకు అది కడుపునిండా అన్నమే. మీకు ఆకలిగా ఉంది. ఆకలి పాపం కాదు." ఆపై ప్రాయశ్చిత్తం చెప్పాడు. "రేపు పూజ అయ్యాక, గుడిలో చివరి బెంచీ మీద కాసేపు కూర్చోండి. ప్రార్థన చెయ్యక్కర్లేదు. వడ్డించేవాడిలా కాకుండా, వచ్చినవాడిలా ఊరికే కూర్చోండి."

తర్వాత చెయ్యెత్తాడు. అక్కడ ఆగాలి. ఆగలేదు. అది పరీక్షని, తాను ఇంకా ఎవరికీ ఏమీ కానని అతనికి ఆ క్షణంలో గుర్తులేదు. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మల పేర మన్నింపు మాటలు మొదలుపెట్టి చివరిదాకా పలికేశాడు. చాలాకాలం తర్వాత అతని నోటినుంచి వచ్చిన మాట లోపలినుంచి వచ్చింది. అవతల ముసలాయన "ఆమెన్" అన్నారు. జాలీ పట్టుకుని కష్టపడి లేచి, తలుపు తీసుకుని వెళ్లిపోయారు. మార్కులు చెప్పలేదు, తప్పు పట్టలేదు. తాను చేసినదేమిటో లూర్దురాజుకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం జపమాల అయ్యాక వరండాలో నవ్వులే నవ్వులు. తోటి బ్రదర్ ఇన్నారెడ్డికి అత్తగారి వేషం పడింది. అంతోనికి పొలంగట్టు జరిపిన రైతు పడ్డాడు. శౌరప్పగారెంత బాగా నటించారో ఇన్నారెడ్డి చేసి చూపించాడు. స్టూలు మీద ఒకవైపుకు ఒరిగి, పమిట సర్దుకుంటున్నట్టు. స్టూలు ఎందుకని లూర్దురాజు అడిగాడు. మోకాళ్లు అరిగిపోయినవాడు మోకరిస్తాడా, డాక్టరు వద్దన్నాడు కదా, అందరి దగ్గరా స్టూలు మీదే కూర్చున్నాడని అంతోని చెప్పాడు. లూర్దురాజుకు మోకాళ్లు చెక్కను తాకిన చప్పుడు, ఆ మూలుగు మళ్లీ వినిపించినట్టయింది. నీకు ఏ వేషం వేశారని వాళ్లిద్దరూ పట్టుబట్టారు. గుర్తులేదన్నాడు. పరీక్షలో కూడా నిద్రపోయావా అని ఎగతాళి చేశారు. ఔనన్నాడు. ఎన్ని విధాల అడిగినా అంతకుమించి చెప్పలేదు. చెప్పకూడదని అతనికి ఎవరూ గుర్తుచేయలేదు.

శనివారం పూజ ముగిసింది. అందరూ ఫలహారానికి వెళ్లిపోయారు. లూర్దురాజు తిండి సయించక గుడి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో గుడిలో శౌరప్పగారిని పీఠం పక్కన తప్ప ఇంకోచోట కూర్చోగా అతను చూడలేదు. ఆ వేళ ఆయన చిట్టచివరి బెంచీ మీద, ఊరి పెద్దమనిషి ఇంటికి పనిమీద వచ్చిన రైతులా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో జపమాల లేదు, పుస్తకం లేదు. పెదవులు కదలడం లేదు. ముఖంలో గొప్ప వెలుగేమీ లేదు. ఒక ముసలివాడు అలిసిపోయి కూర్చుని ఉన్నాడు, అంతే. లూర్దురాజు వెళ్లి పక్కన కూర్చున్నాడు. నిన్నటిది వేషమేనా అని అడగాలని అతనికి నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాడు. అంతలో ఇన్నారెడ్డి గుమ్మంలోంచి తొంగిచూసి, రెక్టరుగారు పిలుస్తున్నారని సైగ చేశాడు.

లూర్దురాజు లేచాడు. లేచినవాడు కదల్లేక అక్కడే నిలబడ్డాడు.

"నిన్న ఆ చివరి మాటలు అనేశాను ఫాదర్. అనకూడదని తెలుసు. నేను ఇంకా ఫాదర్‌ని కాను," అన్నాడు.

శౌరప్పగారు పీఠం వైపు నుంచి చూపు మరల్చలేదు.

"అవి చెల్లవులే," అన్నారు. "వాటికోసం సాయంత్రం వేరే ఫాదర్ దగ్గరికి వెళ్లి మోకరిస్తాను. అంతకుముందు నువ్వు చెప్పినదానికోసం మాత్రం, నాకు ఇంకెవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు."