అసిరమ్మ అడిగిన నిప్పు

అనగా అనగా, అగ్గిపుల్ల ఇంకా పుట్టని రోజుల్లో, కొండవారన నువ్వులపేట అని ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒక ముసలామె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. పేడ ఎత్తుకొచ్చి, పిడకలు చేసి, ఎండబెట్టి, ఇంటింటికీ అమ్ముకుని బతికేది. ఆమె పక్కనుంచి వెళితే ముక్కు మూసుకునేవాళ్ళు కూడా ఆమె పిడకలు లేకుండా అన్నం వండుకోలేరు. అదీ లోకం.

ఆ రోజుల్లో నిప్పంటే ఇప్పటిలా కాదు. ఇల్లాలు పొయ్యి రాజేశాక, ఆ నిప్పుని బూడిద కప్పి కాపాడుకోవాలి. ఆరిపోయిందా, పెంకుముక్క పట్టుకుని పక్కింటికి పోవాలి. దానికో కట్టుబాటు ఉంది. నిప్పు పెట్టేది ఆ ఇంటి ఇల్లాలే. పట్టుకెళ్ళేదీ ఆడమనిషే. మగవాడి చెయ్యి పడితే పొయ్యి అలుగుతుందట! అలిగిన పొయ్యిని చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు, అయినా అందరికీ భయమే. ఇంకో మాట, నిప్పు అడిగి వచ్చిన ఆడమనిషికి ఎవరూ లేదనకూడదు.

అసిరమ్మ పిడకలు చరిచే గోడ గానుగ సూరప్పడిది. సూరప్పడు నూనె ఆడేవాడు. గానుగెద్దుని పల్లెత్తు మాట అనడు. వీధిలో అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంటే మాత్రం పెళ్ళాం తవిటమ్మ మీద చెయ్యి చేసుకుంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక దెబ్బ. తక్కువైతే ఒక దెబ్బ. సరిపోతే, ఇన్నాళ్ళూ ఎందుకు సరిపోలేదని ఇంకో దెబ్బ.

గోడకు అటువైపు ఉన్న అసిరమ్మకి అన్నీ వినబడేవి. ఒకరోజు ఉండబట్టలేక ఊరిపెద్ద జగ్గునాయుడి దగ్గరికి పోయి చెప్పింది.

"ఆలుమగల మధ్య మనకెందుకే అసిరమ్మా? ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాల" అన్నాడు నాయుడు.

"రేపు ఆ పిల్ల సచ్చిపోతే ఏటి సేస్తారు బాబూ?" అంది అసిరమ్మ.

నాయుడు వినబడనట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రం మళ్ళీ దెబ్బల చప్పుడు. అసిరమ్మ పేడ చేతులు కడుక్కుంది. పెంకుముక్క తీసుకుంది. సూరప్పడి తలుపు తట్టింది.

"తల్లీ, రవ్వంత నిప్పెడతావా?"

లోపల చప్పుడు ఆగిపోయింది. సూరప్పడు తలుపు తీశాడు. "ఇలా తే, నానెడతాను" అన్నాడు.

"అయ్యో, నీ సెయ్యి పడితే నీ పొయ్యి అలుగుతాది బాబూ. తవిటమ్మని పిలు."

ఏం చేస్తాడు? పిలిచాడు. తవిటమ్మ వాచిన చెంపతో వచ్చి రెండు నిప్పుకణికలు పెట్టింది. అసిరమ్మ వాటిని ఊదుతూ గుమ్మంలోనే నిలబడి, ఎవరి గేదె ఈనింది, ఎవరి పెరట్లో గుమ్మడి కాసింది, అన్నీ చెప్పింది. సూరప్పడి కోపం చల్లారేదాకా చెప్పింది.

మర్నాడు మళ్ళీ సూరప్పడి గొంతు లేచింది. మళ్ళీ తలుపు మోగింది.

"తల్లీ, రవ్వంత నిప్పెడతావా?"

"పిడకలమ్ముకునేదానివి, నీకు నిప్పు కరువేటే?" అని అరిచాడు సూరప్పడు.

"పిడకలుంటే సాల్తాదేటి బాబూ? అంటించుకోడానికి నిప్పుండొద్దూ?"

వీధంతా ఫక్కున నవ్వింది. ఆడవాళ్ళకి విషయం అర్థమైంది. అప్పటినుంచి చూడాలి తమాషా! సూరప్పడు గొంతెత్తడం ఆలస్యం, ఆ వీధిలో పొయ్యిలన్నీ ఒక్కసారే ఆరిపోయేవి. తలా ఒక పెంకుముక్కతో ఆడవాళ్ళు అతని గుమ్మంలో వరసకట్టి నిలబడేవాళ్ళు.

ఇలా కొన్నాళ్ళు సాగాక ఒకరోజు సూరప్పడికి ఒళ్ళు మండింది. గుమ్మం నిండా ఆడవాళ్ళు, ముందు అసిరమ్మ. కుండెడు నీళ్ళు ఎత్తి తన పొయ్యిలో తానే గుమ్మరించాడు.

"ఇప్పుడడగండే నిప్పు! ఇల్లు నాది! పొయ్యి నాది! పెళ్ళాం నాది!" అంటూ తవిటమ్మని మెడపట్టి వీధిలోకి గెంటాడు.

అసిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తన గుడిసెకి తీసుకుపోయింది. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తవిటమ్మ ఆ పూట ఏడుస్తూనే కడుపునిండా తిన్నది.

ఇక్కడ సూరప్పడికి ఆకలేసింది. పొయ్యి చూస్తే బురద. పెంకుముక్క పట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. ఎదురింటికి వెళ్ళాడు. వీధి చివరింటికి వెళ్ళాడు. అందరిదీ ఒకటే మాట.

"ఆడమనిషి సేతికే నిప్పెడతాం. మీ ఇల్లాలేదీ?"

పాపం, గానుగ దగ్గర తెలగపిండి నమిలాడు. తన తిండి తినేస్తున్నాడని ఎద్దు గుర్రుగా చూసిందట.

తెల్లారగానే నాయుడి దగ్గరికి పరిగెత్తాడు. అసిరమ్మ తన పెళ్ళాన్ని దాచేసిందని ఫిర్యాదు. మగవాడే వచ్చి అడిగేసరికి నాయుడికి చెవులు బాగా వినబడ్డాయి. పంచాయితీ పెట్టించాడు.

"ఆడది కాస్త సర్దుకుపోవాల..." అని మొదలుపెట్టాడో లేదో, వెనక నుంచి ఆయన భార్య నాయురాలు దగ్గింది.

"తీర్పు సూసుకుని సెప్పండి. తప్పు సెప్పినారంటే ఈ పూట ఊళ్ళో అన్ని పొయ్యిల్లోనూ నీళ్ళే. మనింట్లో కూడా."

నాయుడు గబుక్కున తవిటమ్మ వైపు తిరిగి, "నీకేటి కావాలమ్మా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక తవిటమ్మని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆమె అసిరమ్మ వైపు చూసింది.

"అడుగు తల్లీ. నిప్పడిగినట్టే అడుగు" అంది అసిరమ్మ. ఈ పిల్ల ఇప్పుడు భయపడి ఊరుకుందంటే మళ్ళీ ఆ గోడ వెనకకే పోతుందని ఆ ముసలామె భయం.

తవిటమ్మ తల ఎత్తింది.

"ఆ ఇంటి కప్పు కిందే నానుండాల. నా పొయ్యి నాను రాజేసుకోవాల. నా ఒంటి మీద దెబ్బ పడకూడదు."

మొదటిసారి అసిరమ్మ వచ్చి చెప్పినప్పుడే తాను కదిలి ఉంటే బాగుండేదని నాయుడు సిగ్గుపడ్డాడంటారు. తర్వాత తీర్పు చెప్పాడు.

"రాజేసింది తవిటమ్మ. ఆర్పింది సూరప్పడు. రాజేసిన మనిషి ఇంట్లో ఉంటాది, ఆర్పినోడు గానుగ పాకలో ఉంటాడు. ఇంటికి బియ్యం, నూనె పంపుతాడు. ఆ పిల్ల పిలవకుండా గడప తొక్కడు. సెయ్యెత్తినాడా, పొలిమేర దాటాల."

ఆ రోజు అసిరమ్మ తన పొయ్యిలో నిప్పు పట్టుకెళ్ళి తవిటమ్మకిచ్చింది. తవిటమ్మ బురద తీసి, పొయ్యి అలికి, ముగ్గేసి, రాజేసింది. పొయ్యి అలగలేదు. తవిటమ్మ సూరప్పణ్ణి మళ్ళీ పిలిచిందా అని పిల్లలు అడుగుతుంటారు. పిలవలేదు. హాయిగా ఉంది.

కొన్నేళ్ళకి అసిరమ్మ పోయింది. పాడె కట్టారు. శవం ముందు నిప్పుకుండ ఎవరు పట్టుకోవాలి? కొడుకు లేడు, కూతురు లేదు. మగవాళ్ళు ఆలోచిస్తూ ఉండగానే ఇంటింటి ఇల్లాలూ పెంకుముక్కతో బయటికొచ్చింది. ఇంటికో నిప్పుకణిక చొప్పున కుండలో వేశారు. అది నిండాక తవిటమ్మ ఎత్తుకుని ముందు నడిచింది. అంత నిప్పుతో సాగిన పాడె ఆ ఊరు మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు చట్టం వచ్చింది. కొట్టేవాణ్ణి దగ్గరికి రావద్దని, దెబ్బలు తిన్నామెని ఇంట్లోంచి గెంటవద్దని కోర్టువారే ఉత్తర్వు ఇస్తారు. నువ్వులపేట ముసలివాళ్ళు అది విని, "ఇది మా అసిరమ్మ ఇప్పించిన తీర్పే కదా" అని మురిసిపోతారు.

ఇప్పుడు ఆ ఊళ్ళో అందరివీ గ్యాసు పొయ్యిలే, నిప్పు ఎవరికీ అక్కర్లేదు. అయినా ఏ ఇంట్లోనైనా దెబ్బ చప్పుడు వినబడిందా, పక్కింటామె పెంకుముక్క తీసుకుని బయల్దేరుతుంది. వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. తలుపు తట్టి, "తల్లీ, రవ్వంత నిప్పెడతావా?" అని అడుగుతారు. లోపలున్న ఆడమనిషి తన కాళ్ళతో తాను నడిచి గుమ్మంలోకి వచ్చేదాకా, అక్కణ్ణించి ఒక్కరూ కదలరు.