రెండు పందిళ్ళ దర్గా

ఎర్రకనుమ మీద దారికి అటూ ఇటూ రెండు చలివేంద్రాలు ఉంటాయి. నడుమ, సరిగ్గా దారి మధ్యలో, ఫకీరు రహమత్ షా సమాధి. సమాధి అక్కడెందుకుందని మొదటిసారి వచ్చినవారు అడుగుతారు. ఆ కథ పన్నెండు కడవలతో మొదలైంది.

పూర్వం ఇక్కడ నీటి చుక్క ఉండేది కాదు. గుర్రప్ప అనే ఆసామి శివుడి పేర పందిరి వేసి బాటసారుల దప్పిక తీర్చేవాడు. కింది పల్లెలోని నబీసాబు పడుచువాడు, పనిలో చురుకు, లెక్కలో దిట్ట. తనకున్న పన్నెండు కడవలతో ఎదురుగా మరో పందిరి వేశాడు. అల్లా అందరినీ మన మతంలోనే ఎందుకు పుట్టించలేదని ఒకనాడు ఫకీరును అడిగాడు. ఆయన ఖురాన్ వాక్యం విప్పి చెప్పాడు. అల్లా తలచుకుంటే అందరినీ ఒకే సమాజంగా చేసేవాడు, ఇచ్చినదానిలో పరీక్షించడానికే అలా చేయలేదు, కనుక మంచి పనుల్లో పోటీ పడండి. వాక్యం ఇంకా ఉంది. పోటీ అన్న మాట చెవిన పడగానే నబీసాబు లేచిపోయాడు.

ఫకీరు దేశాటనకు వెళ్ళాడు. మూడేళ్ళలో నబీసాబు కడవలు నూట ఇరవై అయ్యాయి. తాగినవారి లెక్కకు రెండు పందిళ్ళ గుంజల మీదా బొగ్గు గీతలు వెలిశాయి.

"ఈ పూట నీకంటే ఇరవై రెండు ఎక్కువ మామా."

"అందులో ఎనుములెన్నో చూసుకో అబ్బీ."

పిలుపులు పోయి చేతులు పట్టి లాగడం వచ్చింది.

నాలుగో వేసవిలో, మిట్టమధ్యాహ్నం, చూపు మందగించిన ముసలివాడొకడు దుమ్ము కొట్టుకుని కనుమ ఎక్కి వచ్చాడు. ఒక చెయ్యి నబీసాబు, రెండో చెయ్యి గుర్రప్ప పట్టుకున్నారు. ముందు చూసింది నేనంటే నేనని పెనుగులాడారు. ముంతల్లో నీళ్ళు నేలపాలయ్యాయి. ముసలివాడు కూలిపోయి తలపాగా జారాక గానీ నబీసాబు ఆయన్ని పోల్చుకోలేదు.

"మిగతాది వినకుండా పోయావు," అన్నాడు ఫకీరు. "అందరూ ఆయన దగ్గరికే పోవాలి. మీ తేడాల సంగతి అక్కడ ఆయనే తేలుస్తాడు. ఆ లెక్క నీది కాదురా."

నబీసాబు ముంత నింపుకుని వచ్చేసరికి తాగే ప్రాణం లేదు.

పడినచోటే ఖననం చేశారు. గుంజల మీది గీతలు ఇద్దరూ కలిసి చెరిపారు. నాటి నుంచి ఇక్కడ బాటసారిని ఎవరూ పిలవరు, తాగినవారిని లెక్కపెట్టరు. ఉరుసు నాడు మాత్రం ఒక్కో పందిరి నుంచి పన్నెండు కడవలు ఎదుటి పందిరికి మారతాయి. ఆ నీళ్ళు తాగితే ఇంటి తగవులు చల్లారుతాయని నమ్మకం. ఊళ్ళ తగవులు ఇంకా చల్లారలేదు. నబీసాబు వంశంవాడు తొలి కడవతో సమాధి దగ్గర ఆగాలి, గుర్రప్ప వంశంవాడు ఎదురొచ్చి అందుకోవాలి. ఈ మధ్య గుర్రప్ప వంశంవాడి కోసం ఆ ఎదురుచూపు ఏటేటా పెరుగుతోంది.

అయినా ఏటా ఆ వేళకు పన్నెండు కడవలూ నింపి, మొదటిది భుజానికెత్తుకుని నబీసాబు వంశంవాడు పందిరి అంచున నిలబడతాడు, దారిలోకి దిగడానికి.