గాలమ్మ పండగ ఎలా వచ్చిందంటే

అనగా అనగా, కరెంటు ఊళ్లోకి వచ్చింది గానీ నిలవడం ఇంకా నేర్చుకోని రోజుల్లో, సముద్రం పక్కన గవ్వలమెట్ట అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ ఉప్పు మడులు. మడుల్లో పని ఆడవాళ్లది. మడులు దూరం కాబట్టి వాళ్లకు సైకిళ్లు ఉండేవి. కూలికి పోవడానికే సుమా, ఊరేగడానికి కాదు.

ఆ ఊరి మగవాళ్లకు ఒక అలవాటు. పెళ్లాం మీద కోపం వస్తే ఆమె సైకిలు గాలి తీసేసేవారు. చెయ్యి నొప్పి పుట్టని పని కదా!

గాలి కావాలంటే వీధి మొదట్లో సన్నిబాబు సైకిలు కొట్టు ఒక్కటే. మగవాడు వస్తే సన్నిబాబు గాలి కొట్టి పంపేవాడు. ఆడది వస్తే మూడు ప్రశ్నలు వేసేవాడు. ఎక్కడికి? ఎందుకు? ఇంట్లో చెప్పావా? ఆమె చెప్పిన జవాబు ఆమెకంటే ముందే ఇల్లు చేరేది. అందుకని ఆ ఊరి ఆడవాళ్లు గాలి లేని సైకిలు తోసుకుంటూ నడిచేవారు.

ఆ ఊళ్లో నూకరత్నం అని ఒంటరి మనిషి. మడుల దగ్గరికి గంజి మోసేది. ఊరు విడిచి వెళ్తూ ఒక నర్సమ్మ ఆమె చేతిలో చిన్న కరెంటు పంపు పెట్టింది. అరచేతికి కాస్త పెద్దది. దానికి చార్జింగు పెట్టి, గొట్టం టైరుకు తగిలించి, మీట నొక్కితే చాలు. అదే గాలి కొడుతుంది. చాలినంత నిండితే అదే ఆగుతుంది. ఒకటే లోపం. మెల్లగా ఉండటం దానికి రాదు. గుర్ర్ మని వీధంతా వినపడేది.

ఇక ఆడవాళ్లు నూకరత్నం పెరట్లోకి వచ్చేవారు. ఆమె ఎక్కడికని అడగదు. ఎందుకని అడగదు. ఇంట్లో చెప్పావా అని అసలే అడగదు.

సన్నిబాబుకు కడుపు మండింది. పెద్దలను తీసుకొచ్చాడు.

"వచ్చినదాన్నల్లా అడుగు. అడిగి మాకు చెప్పు," అన్నారు పెద్దలు.

"అడగడం నాకు చేతకాదు బాబూ. గాలి కొట్టడం ఒకటే వచ్చు," అంది నూకరత్నం.

"ఇంకోసారి ఆ సప్పుడు మా చెవిన పడితే పంపు లాక్కుంటాం," అని వెళ్లారు.

ఒకనాటి మధ్యాహ్నం, మడులకు సెలవు రోజు, బంగారి వచ్చింది. ఎర్రినాయుడి భార్య. చంకలో పిల్ల. ఒక మణికట్టు గుడ్డతో కట్టి ఉంది. సైకిలు రెండు టైర్లూ నేలకు అతుక్కున్నాయి.

"పిన్నీ, బస్సు వచ్చే వేళయింది. ఆయన సన్నిబాబు కొట్టు దగ్గర పేకాటలో ఉన్నాడు. ఈసారి గడప దాటితే రెండో చెయ్యి కూడా..."

"సైకిలు ఇలా పెట్టు."

కరెంటు పొద్దుటే పోయింది. పంపులో ఉన్నది నిన్నటి చార్జింగు. అది రెండు టైర్లకు వస్తుందో రాదో! నూకరత్నం గొట్టం తగిలించి మీట నొక్కింది. గుర్ర్!

వీధి మొదట్లో ఎర్రినాయుడు తలెత్తాడు. "ఏటా సప్పుడు? ముసల్ది ఎవత్తెకో గాలి కొడతంది!"

ఆ మాట పక్కింటి పోలమ్మ చెవిన పడింది. పోలమ్మ ఏమీ అడగలేదు. మూల పడి ఉన్న రోకలి తీసి ఉత్త రోట్లో వేసింది. దడ్! దడ్! దడ్!

ఎదురింట్లోనూ దడ్! దడ్! దడ్! ఆ పైన వీధి వీధంతా రోకళ్లే. పంపు గోల అందులో మునిగిపోయింది.

ముందు టైరు నిండింది. వెనక టైరు సగంలో ఉండగా పంపు వేడెక్కి ఆగింది. నూకరత్నం కొంగుతో విసిరింది. నొక్కింది. పంపు కాస్త కొట్టింది, ఆగింది. మళ్లీ విసిరింది. పంపు మీది ఎర్రదీపం మిణుకు మిణుకుమంటోంది. పిల్ల ఏడవబోతే బంగారి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఎర్రినాయుడు పేక ముక్కలు విసిరేసి వీధిలోకి వచ్చాడు.

మొదటి ఇంటి ముందు ఆగాడు. "ఏటి దంచుతున్నారు?"

"పిండి."

రెండో ఇంటి ముందు ఆగాడు. "పిండెందుకు?"

"పండక్కి."

మూడో ఇల్లు పోలమ్మది. దాని పక్కదే నూకరత్నం పెరడు. "ఏ పండగ?"

పోలమ్మ రోకలి ఆపలేదు. "ఏ పండగేటి నాయినా! రేపు గాలమ్మ పండగ కాదా? మీ అమ్మ ఏటేటా చేసేది కాదేటి? తిన్న నోరు మరిచిపోయిందా?"

మడిలో ఉప్పెప్పుడు తేలుతుందో, ఇంట్లో పండగెప్పుడు వస్తుందో ఎర్రినాయుడికి ఏనాడూ తెలియదు. వేళకు కంచం ముందు కూర్చోవడమే తెలుసు. కానీ తెలియదని ఒప్పుకుంటే పరువు పోదూ?

"తెలుసు, తెలుసు. అరిసెలేనా?"

"అరిసెలే."

"బెల్లం ఎక్కువెయ్యండి," అని తిరిగి పేకాటకు పోయాడు.

అక్కడ పెరట్లో చార్జింగు అయిపోయి ఎర్రదీపం ఆరిపోయింది. నూకరత్నం వెనక టైరు నొక్కి చూసింది. వేలు దిగుతోంది.

"ఇంతే అమ్మీ. పిల్లని ముందు కూర్చోబెట్టుకో. బరువు వెనక పడనివ్వకు."

"పిన్నీ, నేనెక్కడికి పోతున్నానంటే..."

"చెప్పకు. నాకు తెలియనిది నా నోట్లోంచి ఎవడూ లాగలేడు."

బంగారి పెరటి దారిన పోయింది. నూకరత్నం చల్లారని పంపును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు హారన్ వినపడింది. బస్సు పోయిన చప్పుడు వినపడింది. ఎవరెక్కారో బస్సు చెబుతుందా?

మర్నాడు బస్సు ఆగే చోట బంగారి సైకిలు దొరికింది. ముందు టైరు రాయిలా ఉంది. వెనక టైరు చప్పగా పడి ఉంది. పక్కన మనిషి లేదు, పిల్ల లేదు.

ఎర్రినాయుడు పెద్దలను వెంటేసుకుని నూకరత్నం ఇంటికి వచ్చాడు. వస్తే ఏముంది! వాకిట్లో ముగ్గు. పీట మీద పంపు, దానికి పసుపు, కుంకం. ఆడవాళ్లంతా రాత్రికి రాత్రి బియ్యం నానబోసి అరిసెలు వండేశారు. అబద్ధం ఆడితే దానికి పండగ కూడా చెయ్యాలి మరి!

పెద్దలు ఒక అరిసె తిన్నారు. రెండో అరిసె తిన్నారు. మూడోది తింటూ పెద్దాయన అన్నాడు: "గాలమ్మ పండగ మా తాతల నాటిది. అమ్మవారి పంపు ముట్టుకుంటే కళ్లు పోతాయి."

ఇక ఆ పంపు జోలికి ఎవరూ పోలేదు.

తర్వాత చాన్నాళ్లకు నూకరత్నం జ్వరమొచ్చి పోయింది. పంపు ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్లింది. పాతది పాడైతే కొత్తది వచ్చింది.

ఇప్పటికీ వానలకు ముందు గవ్వలమెట్టలో గాలమ్మ పండగ చేస్తారు. అది ఏనాటి దేవతో మగవాళ్లు కథలు కథలుగా చెబుతారు. ఆడవాళ్లు వింటూ అరిసెలు వడ్డిస్తారు. ఆ రోజు ఊళ్లో ప్రతి ఆడమనిషి సైకిలుకూ గాలి కొడతారు.

మామూలు రోజుల్లో కూడా ఏ పెరట్లోనైనా గుర్ర్ మని వినపడితే, పక్కింటామె చేతిలో పని వదిలేసి రోకలి అందుకుంటుంది. దడ్! దడ్! దడ్! ఎదురింటామె అందుకుంటుంది. వీధంతా అందుకుంటుంది.

ఎవరు పోతున్నారని మాత్రం ఎవరూ అడగరు.